పైసా లేని చందా

— బి.యస్సీ. ఆఖరు సంవత్సరం విద్యార్థి, రేణిగుంట

మన తరం వాళ్లు చదవడం మానేశారని పెద్దలు తరచుగా బాధపడుతూ ఉంటారు. ఈ మాట పూర్తిగా నిజం కాదని నా అభిప్రాయం. ప్రొద్దున కళ్లు తెరిచింది మొదలు రాత్రి ఫోను ఛార్జింగుకు పెట్టేదాకా మనం చదువుతూనే ఉన్నాం. నన్ను వేధిస్తున్న ప్రశ్న వేరే ఉన్నది. మనం ఏది చదవాలో ఎవరు నిర్ణయిస్తున్నారు?

పెండ్లి బంతిలో కూర్చున్నవాడు వడ్డించినది తినాలి. సంతకు పోయినవాడు తనకు కావలసిన వంకాయలు ఏరుకొని, పుచ్చు చూసుకొని సంచిలో వేసుకొంటాడు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ వంటి చోట్ల మనం బంతిలో కూర్చున్నవాళ్లం. అక్కడ వడ్డించేది అల్గారిథం అనే ఒక లెక్క. ఆ లెక్కకు కూలి గిట్టేది ప్రకటనల మీద. మనం ఎంతసేపు కూర్చుంటే యజమానికి అంత రాబడి. కనుక మనకు పనికివచ్చే దానికంటే మనల్ని లేవనీయకుండా పట్టి కూర్చోబెట్టేదే ముందు వస్తుంది. నిన్నటిది ఇవాళ వస్తుంది, ఇవాళ్టిది ఎల్లుండి వస్తుంది, కొన్ని అసలు రానే రావు. మనం కోరి అనుసరిస్తున్న వాళ్లు రాసినవి గూడా అన్నీ మనకు చేరుతాయన్న నమ్మకం లేదు.

దీనికి విరుగుడు కొత్తగా ఎవరూ కనిపెట్టనక్కరలేదు. పాతికేళ్లకు పైగా మన మధ్యనే ఉన్నది. దాని పేరు వెబ్ ఫీడు. ఈ పేరు విన్నవాళ్లు మన తరగతిలో నలుగురైదుగురికి మించి ఉండరని అడిగి తెలుసుకొన్నాను. అందుకే ఈ వ్యాసం.

ఫీడు అంటే ఏమి?

ఒక వెబ్‌సైటులో కొత్తగా వచ్చిన ప్రతి అంశానికి దాని శీర్షిక, లంకె, తేదీ, సారాంశం లేక పూర్తి పాఠం — వీటిని ఒక నియమం ప్రకారం రాసిపెట్టిన చిన్న ఫైలే ఫీడు. అది యంత్రం చదువుకొనేందుకు ఉద్దేశించినది. మన ఫోనులోనో కంప్యూటరులోనో ఫీడ్ రీడర్ అనే సాఫ్ట్‌వేరు పెట్టుకొని, నచ్చిన సైట్ల ఫీడు చిరునామాలు దానికి ఇస్తే చాలు. అది కొంతసేపటికొకసారి ఆ సైట్లన్నిటికీ పోయి "కొత్తవి ఏమన్నా ఉన్నాయా?" అని అడిగి వస్తుంది. ఉంటే తెచ్చి తేదీల వరుసలో పేరుస్తుంది. మా పల్లెల్లో తెల్లవారుజామున పాలవాడు ఇల్లిల్లూ తిరిగి పాలు పోయించుకొని వస్తాడే, అట్లాంటిది. ఇరవై సైట్ల తలుపులు మనం తట్టనక్కరలేదు.

ఇది పత్రికకు చందా కట్టినట్లే. కాకపోతే పైసా లేదు. మన పేరు, ఫోను నంబరు గూడా సైటు వారికి ఇవ్వనక్కరలేదు. వద్దనుకొంటే ఆ చిరునామా తీసేస్తే సరి, "ఎందుకు మానేశారు?" అని అడిగేవాడు ఉండడు.

దీని పుట్టుక తెలుసుకోదగినది. 1999 మార్చిలో అమెరికాలోని నెట్‌స్కేప్ కంపెనీలో ఆర్.ఎస్.ఎస్. మొదటి రూపం తయారయింది. దాన్ని రూపొందించినవారిలో ముఖ్యుడు రామనాథన్ వి. గుహ. ఆయన మన పక్కనే ఉన్న మద్రాసు ఐ.ఐ.టి.లో ఇంజనీరింగు చదివినవాడు. మన రేణిగుంట నుంచి రైలెక్కితే మూడు నాలుగు గంటల్లో దిగే ఊళ్లో చదివిన ఒక విద్యార్థి చేయి ఈ పనిలో ఉన్నదంటే మనకు గర్వకారణం కాదా! 2000 డిసెంబరులో వచ్చిన ఆర్.ఎస్.ఎస్. 1.0 రూపకర్తల బృందంలో ఆరన్ స్వార్ట్జ్ అనే పిల్లవాడు ఉన్నాడు. అప్పటికి అతని వయసు 14 ఏండ్లు. 2002లో డేవ్ వైనర్ ఆర్.ఎస్.ఎస్. 2.0ను వెలువరించారు, "రియల్లీ సింపుల్ సిండికేషన్" అన్న విస్తరణ ఆ రూపానిదే. 2005 డిసెంబరులో ఆటమ్ అనే మరొక రూపం ఇంటర్నెట్ ప్రమాణంగా వెలువడింది. చదివేవాడికి ఈ తేడాలతో పని లేదు. రీడర్లన్నీ రెండింటినీ చదువుతాయి. ఒక చుక్క, దాని మీద రెండు వంపు గీతలు ఉన్న నారింజ రంగు గుర్తు కనబడితే అక్కడ ఫీడు ఉన్నదని అర్థం.

తెలుగువారి కూడలి

రేణిగుంటలో పుట్టి పెరిగినవాడికి జంక్షన్ అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. గూడూరు నుంచి వచ్చే దారి, అరక్కోణం నుంచి వచ్చే దారి, కడప నుంచి వచ్చే దారి, తిరుపతి మీదుగా కాట్పాడికి పోయే దారి ఇక్కడ కలుస్తాయి. ఎవరి రైలు వారిదే, ఎవరి గమ్యం వారిదే. కలిసేది మాత్రం ఒకచోట. ఫీడుతో తెలుగులో జరిగిన పని సరిగ్గా ఇదే. దానికి పెట్టిన పేరు గూడా "కూడలి"!

2006 ప్రాంతం మాట. తెలుగులో బ్లాగులు రాసేవాళ్లు అప్పుడప్పుడే పెరుగుతున్నారు. ఒకరు హైదరాబాదులో, ఒకరు బెంగుళూరులో, మరొకరు అమెరికాలో. ఒకరు రాసింది మరొకరికి తెలిసే మార్గం లేదు. వీవెన్ గారు "కూడలి" అనే సైటు కట్టి, తెలుగు బ్లాగుల ఫీడులన్నిటినీ ఒకచోట చేర్చారు. ఎవరు ఎక్కడ కొత్త టపా రాసినా దాని శీర్షిక అక్కడికి వచ్చి చేరేది. ఆంగ్ల అక్షరాలతో కొడితే తెలుగు అక్షరాలు వచ్చే "లేఖిని" గూడా ఆయన చేసినదే. తరువాత జల్లెడ, హారం, మాలిక అనే సంకలినులు వచ్చాయి. పేర్లు చూడండి, ఎంత ముచ్చటగా ఉన్నాయో! ఒక పల్లెటూరి ఉపాధ్యాయుడు రాసిన టపా, డాలర్లు సంపాదించే ఇంజనీరు రాసిన టపా ఒకే వరుసలో, వచ్చిన వేళను బట్టి నిలబడేవి. ఎవరికి ఎంతమంది అభిమానులు ఉన్నారన్న లెక్కతో పని లేదు. ఈ సమానత్వమే నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకర్షించింది.

ఈ పనికి మరొక ఆధారం యూనికోడు. అంతకుముందు తెలుగు పత్రికల సైట్లకు ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఫాంటు ఉండేది. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెలుగు బదులు పిచ్చి గీతలు కనబడేవి. ఆ పాఠాన్ని యూనికోడులోకి మార్చి చూపడానికి వెన్న నాగార్జున గారు "పద్మ" అనే ఉపకరణం చేశారు. అక్షరం ఎక్కడికి పోయినా అక్షరంగానే ఉంటేనే కదా, ఒక సైటు పాఠం మరొక చోట చదవగలిగేది!

చదివేవాడు ఎట్లా మొదలుపెట్టాలి?

ఆండ్రాయిడ్ ఫోను ఉన్నవాళ్లకు "ఫీడర్" అనే ఉచితమైన యాప్ ఉన్నది. ఫోనులోనూ కంప్యూటరులోనూ ఒకే జాబితా కావాలంటే ఫీడ్లీ, ఇనోరీడర్ వంటివి ఉన్నాయి. కంప్యూటరు మీద థండర్‌బర్డ్ ఉత్తరాలతోపాటు ఫీడులను గూడా చదివి పెడుతుంది. ఏదో ఒకటి పెట్టుకొని, సైటు చిరునామాను అందులో వేస్తే చాలాసార్లు ఫీడు ఎక్కడున్నదో అదే వెదుక్కొంటుంది. వెదకలేకపోతే ఒక చిట్కా. వర్డ్‌ప్రెస్‌తో కట్టిన సైటయితే చిరునామా చివర ఒక ఏటవాలు గీత గీసి "ఫీడ్" అన్న ఆంగ్ల పదం చేర్చి చూడండి. బ్లాగర్ వారి సైటయితే ఫీడ్స్, పోస్ట్స్, డిఫాల్ట్ అన్న మూడు మాటలను గీతలతో వరుసగా చేర్చండి.

ఇక దేనికి చందాదారులు కావాలి? భౌతికశాస్త్రం, గణితం చదివేవాళ్లకు ఆర్కైవ్ అనే పరిశోధన పత్రాల భండారం విషయాల వారీగా ఫీడులు ఇస్తున్నది. బ్యాంకు పరీక్షలకు కూర్చునే మిత్రులకు రిజర్వు బ్యాంకు వారి ప్రకటనల ఫీడు ఉన్నది. ప్రభుత్వ ప్రకటనలకు పత్రికా సమాచార కార్యాలయం ఫీడు ఉన్నది. తెలుగు వికీపీడియాలో ఏ పేజీ మారినా తెలియజేసే ఫీడు ఉన్నది. యూట్యూబు ఛానెళ్లకు గూడా ఫీడులు ఉన్నాయి. ఆ దారిన పోతే మనకు కావలసిన పాఠం ఒక్కటే కనబడుతుంది, పక్కన నవ్వించే వీడియోలు వరుసకట్టి పిలవవు. పాడ్‌కాస్టులు వినేవాళ్లు తెలియకుండానే రోజూ ఫీడు వాడుతున్నారు. ప్రసంగాలు మన ఫోనుకు వచ్చి చేరే ఏర్పాటు ఆర్.ఎస్.ఎస్. మీదనే నడుస్తున్నది.

మొదట అయిదు సైట్లతో మొదలుపెట్టండి, యాభైతో వద్దు. మూడు నాళ్లు చదవకపోతే కుప్ప పడుతుంది. కుప్ప చూస్తే భయమేస్తుంది, భయమేస్తే మానేస్తారు. నెలకొకసారి కలుపు తీసినట్లు, చదవని ఫీడులను తీసేయండి.

సైటు ఉన్నవాడు ఎట్లా మొదలుపెట్టాలి?

వర్డ్‌ప్రెస్, బ్లాగర్ వంటి వాటితో సైటు కడితే ఫీడు దానంతటదే తయారవుతుంది. యజమాని చేయవలసిన పని దాన్ని దాచకుండా ఉండటమే. చేత్తో సైటు రాసుకొనే మిత్రులకు గూడా ఇది బ్రహ్మవిద్య కాదు. ఎక్స్.ఎం.ఎల్. ఫైలు ఒకటి. పైన సైటు పేరు, చిరునామా, వివరణ. కింద ఒక్కొక్క అంశానికి ఒక్కొక్క గది. ఆ గదిలో శీర్షిక, లంకె, వివరణ, తేదీ, ఒక శాశ్వత గుర్తు. ఈ శాశ్వత గుర్తును ఒకసారి ఇచ్చిన తరువాత మార్చరాదు. మారిస్తే పాతది గూడా కొత్తదే అనుకొని రీడరు మళ్లీ తెస్తుంది. పేజీ తలభాగంలో "మా ఫీడు ఇక్కడున్నది" అని ఒక లంకె పంక్తి రాస్తే రీడర్లు దాన్ని చూసి పట్టుకొంటాయి. ఫైలు సరిగా ఉన్నదో లేదో డబ్ల్యు త్రీ సి వారి పరీక్షకు పెడితే తప్పులు ఏ పంక్తిలో ఉన్నాయో చెపుతుంది. ఫీడులో పూర్తి పాఠం ఇవ్వడమే మంచిదని నా అభిప్రాయం. సగం చూపి సగం దాచడం రచ్చబండ మీద కథ మొదలుపెట్టి, మిగతాది ఇంటికొస్తే చెప్తానన్నట్లు ఉంటుంది.

రీడర్లు మాటిమాటికీ వచ్చి అడిగితే సైటు మీద బరువు పడదా అని సందేహం రావచ్చు. ఫైలు మారకపోతే "ఏమీ మారలేదు" అని ఒక్క మాటలో జవాబిచ్చి పంపే ఏర్పాటు వెబ్‌లోనే ఉన్నది. మూడు వందల నాలుగు అనే సంకేత సంఖ్య ఆ జవాబే.

తేదీ విలువ

ఇంతా చేసి ఇది తీరిక ఉన్నవాళ్ల సరదా అనుకొంటారేమో. కాదు. 2021 నవంబరులో మన ప్రాంతానికి వచ్చిన వరదలు ఎవరూ మరచిపోలేదు. స్వర్ణముఖి పొంగింది. తిరుపతి వీధుల్లో నీళ్లు పారినాయి. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనన్న భయంతో చుట్టుపక్కల పల్లెలను ఖాళీ చేయించారు. ఆ రోజుల్లో మా పల్లెలో అందరి ఫోన్లకూ వాట్సాప్‌లో వీడియోలు వచ్చి పడుతుండేవి. కట్ట తెగిందని ఒకటి, తెగలేదని ఒకటి, ఎక్కడిదో తెలియని వంతెన కొట్టుకుపోతున్నది ఒకటి. ఆవుల్ని విప్పి మెరకకు తోలాలా, మోటరు పెరికి తేవాలా అని నాయన నన్ను అడిగాడు: "ఏరా అబ్బోడా, ఇది ఈ పొద్దుదా, నిన్నటిదా?" ఆ ప్రశ్నకు ఏ వీడియోలోనూ జవాబు లేదు. ఎవరు తీశారో లేదు, ఎప్పుడు తీశారో లేదు. రైతుకు వార్త ఎంత ముఖ్యమో, వార్త తేదీ అంతకంటే ముఖ్యం.

ఫీడులో ప్రతి అంశానికి తేదీ గది ఉన్నది, అది ఏ సైటు నుంచి వచ్చిందో చిరునామా ఉన్నది. నేడు జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వారి "సచేత్" సైటు వాన, పిడుగు, తుపాను హెచ్చరికలను ఫీడుగా ఇస్తున్నది. కొంచెం ప్రోగ్రామింగు తెలిసిన మన కంప్యూటర్ సైన్సు మిత్రులు ఆ ఫీడునుంచి మన జిల్లా హెచ్చరికలను వేరుచేసి పల్లె గుంపులకు తేదీతో సహా పంపే పని చేయవచ్చు. ప్రాజెక్టు పనికి ఇంతకంటే మంచి అంశం ఏముంటుంది?

మరొక సంగతి. మా మిత్రుడొకడు, అతనూ సేద్యగాళ్ల ఇంటి బిడ్డే, ఒక ఉపకారవేతనానికి దరఖాస్తు పెట్టుకోలేకపోయాడు. ప్రకటన ఒక కార్యాలయం సైటులో మూడు వారాల ముందే పెట్టారు. స్కాను చేసిన కాగితం, సైటు లోపలి పేజీలో. మా గుంపుకు అది చేరింది గడువు ముగిసే సాయంత్రం, పుట్టినరోజు శుభాకాంక్షల మధ్యన. ఆ ఏడాది ఫీజు కోసం అతను సెలవుల్లో కూలికి పోయాడు. ఆ కార్యాలయం పేరు ఇక్కడ అనవసరం. ఇట్లాంటివి ఒకటీ రెండూ కావు. ప్రకటన వెలువరించడం వేరు, చేర్చడం వేరు. ఆ సైటుకు ఫీడు ఉండి, మాలో ఒక్కడు దానికి చందాదారుడై ఉన్నా, మరుసటి ప్రొద్దుకే అందరికీ తెలిసేది.

కొన్ని అభ్యంతరాలు

"ఫీడు చచ్చిపోయిందయ్యా, గూగుల్ వాళ్లే మూసేశారు" అని ఒక సీనియర్ మిత్రుడు నాతో వాదించాడు. నిజమే, 2005లో మొదలైన గూగుల్ రీడర్‌ను ఆ కంపెనీ 2013 జులై 1న మూసివేసింది. చాలామంది ఆ తరువాత ఫీడు మాటే మరచారు. కానీ మూతపడింది ఒక దుకాణం, పంట కాదు. రీడర్లలో మన సైట్ల జాబితాను ఓ.పి.ఎం.ఎల్. అనే ఫైలుగా దించుకొనే సౌకర్యం ఉంటుంది. ఆనాడు ఆ ఫైలు దించుకొన్నవాళ్లు మరొక రీడరులో దాన్ని వేసి చదువుకొన్నారు. ఫేస్‌బుక్‌లో పోగేసుకొన్న జాబితాను ఇట్లా మూటగట్టుకొని మరొక ఇంటికి పోగలమా? సొంత పొలానికీ కౌలు పొలానికీ ఉన్న తేడా ఇది.

"ఫీడులో వచ్చింది నిజమని నమ్మకమేమి?" అన్నది మరొక ప్రశ్న. నమ్మకం ఫీడు ఇవ్వదు. అబద్ధాలు రాసే సైటుకు గూడా ఫీడు ఉండవచ్చు. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అన్న రెండు ప్రశ్నలకు మాత్రం అది దాచకుండా జవాబు చెపుతుంది. మిగతా విచారణ మన బుద్ధి చేయాలి.

"వాట్సాప్ గుంపు ఉండగా ఇదెందుకు?" అని అడిగేవారు గూడా ఉన్నారు. గుంపు మాట్లాడుకోవడానికి మంచిదే. ఆర్నెల్ల కిందటి ప్రకటన అందులో వెదకండి చూద్దాం! పైగా గుంపులో చేర్చుకోనివాడికి ఆ వార్త లేదు. ఫీడుకు చేర్చుకోవడం, వెలివేయడం అన్నవి లేవు.

మనవి

విద్యార్థి సంఘం నాయకులకు, అధ్యాపకులకు నా మనవి రెండు ముక్కలు. మన కళాశాల ప్రకటనలు, పరీక్షల తేదీలు, ఉపకారవేతనాల వివరాలు స్కాను కాగితాలుగా కాక యూనికోడు తెలుగులోనో ఆంగ్లంలోనో అక్షరాలుగా పెట్టి, వాటికి ఒక ఫీడు ఇవ్వాలి. దీనికి నిధులు అక్కరలేదు, ఒక మధ్యాహ్నం శ్రద్ధ చాలు. రెండవది, ప్రతి ఏడాది మనం అచ్చువేసే ఈ సంచికలోని రచనలను గూడా ఒక సైటులో పెట్టి ఫీడు ఇస్తే, చెన్నైలో, బెంగుళూరులో, సముద్రాల ఆవల ఉన్న మన పూర్వ విద్యార్థులు ఒక్కొక్కటిగా చదువుకొంటారు. ఇక్కడ రాసిన కవిత బీరువాలో చెదలకు ఆహారం కాకుండా ఉంటుంది.

సోదర విద్యార్థులకు ఒకే మాట. ఈ సంచిక మూసిన వెంటనే ఒక రీడరు దించుకొని అయిదు సైట్లు చేర్చండి. అందులో ఒకటి మీకు కష్టమైన పాఠ్యాంశానిది, ఒకటి మీ అమ్మానాయనల పనికి ఉపయోగపడేది, ఒకటి తెలుగులో ఎవరో మీలాంటివాళ్లు రాస్తున్నది అయి ఉండాలని నా కోరిక. మిగతా రెండూ మీ ఇష్టం.